యలమందయ్య పంటి తీర్పు

పర్చూరు దగ్గరి పత్తి మిల్లులో బోరాలు విప్పగానే రైతులు సావుకారు మొహం చూసేవారు కాదు, యలమందయ్య నోరు చూసేవారు. అతను పత్తిలోంచి ఒక గింజ తీసి దవడ పళ్ల మధ్య పెట్టి కొరికేవాడు. టక్కుమంటే ఎండిన పత్తి. మెత్తగా తగిలితే పచ్చిది, బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. ఇరవై ఏళ్లుగా అదే అతని కూడు, అదే అతని పొగరు. గింజ కొరికే మనిషికి అంత గీర ఏమిటో. "పత్తా ఇది, తడిగుడ్డా?" అని రైతు కాళ్ల దగ్గరే ఉమ్మేసేవాడు.

ఎనభై నాలుగులో ఆ ఉమ్ములో నెత్తురు జీర కనిపించింది. భార్య అంకమ్మ పోరు పడలేక చీరాల వెళ్లి పళ్ల డాక్టరు ఇమ్మానియేలుకి చూపించుకున్నాడు.

"చిగుళ్ల కింద గార పేరుకుందండి. చిగుళ్లు వాచేది దానివల్లే. వదిలేస్తే లోపలి ఎముకని తినేస్తుంది. ఇప్పుడే తీయించుకోండి. నెత్తురొచ్చే చోట కూడా మెత్తటి బ్రష్షుతో రెండుపూటలా తోమండి. బుగ్గన ఆ పొగాకు కాడ మానెయ్యండి" అన్నాడాయన.

యలమందయ్య బయటికొచ్చి నవ్వాడు. "గార గీకితే పళ్లు నిలబడతయ్యా? ఇటుకల మధ్య సున్నం గీకేసి గోడని నిలబడమన్నట్టుంది. పుండుని తోమమంటాడు, వీడూ ఒక డాక్టరే."

నెత్తురొచ్చే పక్కన తోమడం పూర్తిగా మానేశాడు. పొగాకు కాడ ఇంకాస్త లోపలికి దోపాడు. నెత్తురు తగ్గింది. తన వైద్యమే గొప్పదని మిల్లంతా చెప్పుకు తిరిగాడు. పొగాకు నెత్తురుని దాచిందే తప్ప రోగాన్ని ఆపలేదని ఆ బుర్రకి ఎక్కదు.

మరుసటి ఏడు అతనికి ఏ పత్తి అయినా పచ్చిగానే తోచింది. బండి వెంట బండి వెనక్కి పంపాడు. మంచు ఎక్కువగా పడుతోంది కాబోలని రైతులు సరిపెట్టుకున్నారు. మస్తాన్‌బీ అనే రైతు మాత్రం సరిపెట్టుకోలేదు. నాలుగు రోజులు డాబా మీద ఎండబెట్టి తెచ్చిన పత్తి అది.

"పచ్చిది. తీసుకుపో" అన్నాడు యలమందయ్య.

ఆమె అదే బోరెంలోంచి ఒక గింజ తీసి కొరికింది. టక్కుమని అందరికీ వినిపించింది. ఇంకొకటి అతని చేతిలో పెట్టింది. అతను కొరికాడు, చప్పుడు లేదు. సావుకారే లేచొచ్చి తనూ ఒకటి కొరికాడు. టక్కుమంది.

"మా పత్తి ఎండింది, యలమందయ్యా. నీ పన్నే కదులుతోంది. గింజ మీద పెట్టగానే లోపలికి దిగిపోతుంటే ఇంక చప్పుడెక్కడొస్తది?" అంది మస్తాన్‌బీ.

యలమందయ్య వేలు పెట్టి చూసుకున్నాడు. దవడ పన్ను అటూ ఇటూ ఊగింది, వేలికి చీము అంటింది. తను తిప్పి పంపిన బండ్లన్నీ కళ్ల ముందు తిరిగాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

మళ్లీ చీరాల వెళ్లాడు. నాలుగు దవడ పళ్లు పీకక తప్పలేదు. మిగతావాటికి గార తీశారు. పొగాకు మానేసి రోజూ తోమితే నెలలోపే చిగుళ్లు గట్టిపడ్డాయి, గార తీసిన పళ్లలో ఒక్కటీ ఊడలేదు.

మిల్లులో ఇప్పుడు గింజ కొరికేది మస్తాన్‌బీ. ఆమె తల ఊపితే, పక్కన నిలబడి "ఎండిందే" అని కేక వేయడమే యలమందయ్య పని.