సైకిలు వెనక పరిగెత్తిన రోజులు

మా ఆయన పచ్చకామెర్లతో పోయిన ఏడో నెలలో ఆయన ఉద్యోగం నాకిచ్చారు. ఎనభైల మొదట్లో సంగతి. మద్దిలపాలెంలో ఆఫీసు, వచ్చిన ఉత్తరాలకు నంబర్లు వేసే పని. పొద్దున్న పెందుర్తిలో బస్సెక్కడం, నంబర్లు వేయడం, మళ్లీ బస్సెక్కడం. ఏడుపు అప్పటికే అయిపోయింది. దాని తరవాత వచ్చినదాన్ని ఏమనాలో నాకు తెలియదు. కూరలో ఉప్పు మరిచిపోయినా తెలిసేది కాదు. ఇంట్లో మిగిలింది మా అత్త ఒక్కతే. ఆమె కూడా ఏమీ అనకుండా తినేసి లేచేది.

ఆఫీసులో నా ఎదురు బల్ల దగ్గర టైపిస్టు కూర్చునేది. పాత ఊళ్లో అత్తరు కొట్టువాళ్ల అమ్మాయి. ముప్ఫై దాటినా పెళ్లి కాలేదు. నన్ను మొదటి రోజు నుంచీ అక్కా అనేది. మిగతావాళ్లలా ఓదార్చలేదు. మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా మూత తీసి నా వైపు జరిపేది, అంతే.

ఒకరోజు ఆఫీసు వదిలాక నన్ను సైకిల్ షెడ్డు దగ్గరకు తీసుకెళ్లింది. అక్కడో లేడీస్ సైకిలు ఉంది. అన్న కూతురు పెళ్లయి వెళ్లిపోతే ఇంట్లో మూలపడి ఉందట, రిక్షాలో వేయించి తెప్పించింది. తొక్కడం నేర్చుకోవాలని చిన్నప్పటినుంచీ కోరికట. వాళ్ల వీధిలో అయితే ప్రతి గుమ్మంలోంచీ ఎవరో ఒకరు చూస్తారు. మా ఆఫీసు వెనక ఖాళీ జాగాలో మేకలు తప్ప ఎవరూ ఉండరు.

"ఎనక సీటు పట్టుకుంటావేటక్కా?" అని అడిగింది.

నేనే ఎందుకు, అన్నాను.

"నువ్వయితే నవ్వవు కదా."

అనేశాక తన మొహమే చిన్నబోయింది. నాకేమీ అనిపించలేదు. నిజమే కదా అనుకుని సీటు పట్టుకున్నాను.

మూడు వారాలు పట్టుకున్నాను. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఆమె తొక్కేది, నేను వెనక పరిగెత్తేదాన్ని. చెప్పు తెగిన రోజున వట్టికాళ్లతోనే పరిగెత్తాను. ఆమె పడేది, లేచేది, మోచేతులు దులుపుకుని మళ్లీ ఎక్కేది. ఒక సాయంత్రం నా చేయి ఎప్పుడు జారిందో నాకే తెలియలేదు. చూసేసరికి ఆమె చాలా ముందుకు వెళ్లిపోయింది.

"పట్టుకునే ఉన్నావేటక్కా?" అని తల తిప్పకుండా అడిగింది.

"లేదు," అన్నాను.

నా గొంతు అంత దూరం నుంచి వినబడేసరికి ఆమెకు అర్థమైంది. "నానే తొక్కేత్తన్నానా?" అంటూ మేకల మధ్యలోకి పోనిచ్చి, అవి చెదిరిపోతుంటే కింద పడి, పడ్డచోటే కూర్చుని పగలబడి నవ్వింది. తరవాత పరిగెత్తుకొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె గుండె కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. నాది తెలియడం లేదు. బాగా తొక్కావన్నాను, ఉత్తరం మీద నంబరు వేసినట్టే.

ఆ రోజు అన్నాల దగ్గర అత్తకు ఈ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. మేమిద్దరం ఏదీ చెప్పుకోక చాలా రోజులైంది. అత్త తలెత్తింది.

"సీరతోనే తొక్కీసిందేటి? పడిపోనేదా?"

పడిందని, మేకలు చెల్లాచెదురయ్యాయని చెప్పాను. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. కాదు.

"నానూ తొక్కినానే ఒకపాలి. మీ మావ తొంగున్నప్పుడు ఆయన సైకిలు తీసేసినాను. గట్టు మీంచి మళ్లో పడిపోనాను. ఇన్నేళ్లయింది, ఎవలికీ సెప్పనేదు," అంది.

మర్నాడు ఆ మాట టైపిస్టుకు చెబితే చేస్తున్న పని ఆపేసి, మీ అత్తను నేను చూడాలంది. ఆదివారం బస్సులో పెందుర్తి వచ్చింది. మధ్యాహ్నమంతా వాళ్లిద్దరూ పడ్డ దెబ్బల గురించే మాట్లాడుకున్నారు. ఒకరు మోచెయ్యి చూపిస్తే ఇంకొకరు మోకాలు చూపించారు. నేను పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరాను. మాట కలపలేదు, లేచి పోనూ లేదు.

సాయంత్రం ఆమెను బస్సెక్కించాను. బస్సు కదిలిపోయాక కాసేపు అక్కడే నిలబడి, నాకేమైనా అనిపిస్తుందేమోనని చూశాను. ఏమీ లేదు. ఇంటికొచ్చేసరికి అత్త అరుగు మీద పక్కింటావిడకు ఇదంతా మొదటినుంచీ చెబుతోంది. ఆవిడ చేతిలో చేట పట్టుకుని, చెరగడం మరిచిపోయి వింటోంది. ఆ అమ్మాయికి ఒక్కరోజులోనే సైకిలు వచ్చేసిందని అత్త అంటోంది.

"ఒక్కరోజు కాదత్తా, మూడు వారాలు పట్టింది," అని చెప్పి, చెప్పులు విడిచి వాళ్ల పక్కన కూర్చున్నాను.