కత్తెర పడ్డ చొక్కా

గుర్రప్పందాల మైదానం వెనక సందులో ఆమెది చిన్న కుట్టు కొట్టు. కుట్టేది పందెం గుర్రాలను స్వారీ చేసే జాకీల చొక్కాలు. తొడుక్కునేది జాకీయే అయినా ఆ చొక్కా రంగులు గుర్రం యజమానివి. ఎర్ర గళ్ళు ఒకాయనవి, పసుపు చారలు ఇంకొకాయనవి. గుడ్డ తేలిగ్గా ఉండాలి, కుట్టు సన్నగా ఉండాలి. గ్రాము బరువు తగ్గించుకోవడానికి జాకీలు పాపం కడుపు మాడ్చుకుంటారు మరి.

అలా మాడ్చుకున్నవాళ్ళలో ఆమె తమ్ముడొకడు. మైదానంలో అందరూ వాణ్ణి పిడుగు అనేవారు. ఇప్పుడు పిడుగు అక్క కొట్టులో చక్రాల కుర్చీలో కూర్చుని గుండీలు కుడుతున్నాడు. పెద్ద కప్పు పందెంలో గెలుపు గీత దాటాక గుర్రం తూలింది, వాడు ఎగిరి పడ్డాడు. డాక్టర్లు చొక్కాను మెడ నుంచి అంచు దాకా కత్తిరించి తీశారు. కప్పు మాత్రం భేషుగ్గా యజమాని ఇంటికి వెళ్ళింది. ఏం, దానికేమైనా నడుం విరిగిందా?

ఇన్నాళ్ళకు ఆ చొక్కా ఆమె బల్ల మీదికొచ్చింది. ప్రపంచంలో గుర్రప్పందాల చరిత్రంతా చూపే ప్రదర్శన పెడుతున్నామని, కోత కనబడకుండా కుట్టిమ్మని క్లబ్బువాళ్ళు పంపారు. ఆమె సూదిలో దారం ఎక్కించింది గాని, ఆ గుడ్డలో గుచ్చలేకపోయింది.

"భయం లేకుండా కుట్టక్కా, ఇప్పుడు లోపల నేను లేనుగా" అని పిడుగు ఆట పట్టించాడు.

తమ్ముడి ఘనత నలుగురూ చూస్తారు కదా అని ఆమె పోగు పోగూ కలిపి కుట్టి, స్వయంగా తీసుకెళ్ళింది.

హాల్లో గాజు పెట్టె, పక్కన అట్ట సిద్ధంగా ఉన్నాయి. అట్ట మీద యజమాని పేరుంది. గుర్రం పేరుంది, దాని తల్లిదండ్రుల పేర్లున్నాయి. స్వారీ చేసినవాడి పేరు లేదు! గుర్రం వంశమంతా రాసినవాళ్ళకు మనిషి పేరు రాయడానికి చెయ్యి రాలేదన్నమాట. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

అడిగితే క్లబ్బు కార్యదర్శి నవ్వాడు. ఇది ఈనాటి పద్ధతి కాదన్నాడు. ప్రాచీన గ్రీసులో కూడా కిరీటం యజమానికే తప్ప రథం తోలినవాడికి కాదని గోడ మీది బొమ్మ చూపించాడు. అక్కడి ఆడగుర్రం కథొకటి చెప్పాడు. పందెం మొదట్లోనే అది రౌతును కింద పడేసి, ఒంటరిగా పరిగెత్తి అందరికంటే ముందొచ్చిందట. గెలుపు యజమానిదేనని అక్కడికక్కడే ప్రకటించారట. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు.

"పడ్డవాడు ఏమయ్యాడండీ?" అంది ఆమె.

కార్యదర్శి మళ్ళీ గోడ మీది బొమ్మ వైపు చూశాడు. "అది చరిత్రలో లేదమ్మా."

ఆమె సంచిలోంచి చిన్న కత్తెర తీసింది. ఆయన వద్దు వద్దంటున్నా చొక్కా పరిచి, తాను వేసిన కుట్లన్నీ విప్పేసింది.

"ఇలాగే పెట్టండి. ఈ కోతేంటని చూసినవాళ్ళు అడుగుతారు. అప్పుడు మావాడి పేరు చెబుదురుగాని."

ఉన్నది ఆ చొక్కా ఒక్కటే, మళ్ళీ కుట్టించే వ్యవధి లేదు కాబట్టి కోతతోనే పెట్టారు. అట్ట మాత్రం మార్చలేదు, ఎంత పొగరో చూడండి! అందుకని మొదటిరోజే ఆమె తమ్ముడి కుర్చీ తోసుకెళ్ళి గాజు పెట్టె పక్కన ఆపింది. కదలమంటే కదల్లేదు. కాసేపటికి ఒకావిడ వచ్చి, చొక్కా ఎందుకలా చీలిందని అడిగింది. పిడుగు గొంతు సవరించుకుని, ముందుగా తన పేరు చెప్పాడు.