వానాయన బోర్డు

మా పిన్ని దేన్నైనా నిద్ర లేపగలదు, నన్ను తప్ప. ఈ మాట మా అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పి నవ్విస్తుంది. నా పరువు తీయడంలో అమ్మ తర్వాతే ఎవరైనా.

పిన్ని లేపేది కంప్యూటర్లను. అరచేతిలో ఇమిడే బోర్డులు, తెరా ఉండదు, డబ్బా ఉండదు. కరెంటు ఇవ్వగానే అలాంటి బోర్డుకు తన మెమరీ ఎక్కడుందో కూడా తెలియదు. అప్పుడు దాన్ని తట్టి లేపి, పని అప్పగించి తప్పుకునే చిన్న ప్రోగ్రాం బూట్‌లోడర్. ఒక్కో బోర్డుకు ఒక్కో రకం కావాలి. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఉచితంగా పంచిపెట్టే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఆ రకాలన్నీ తయారుచేసి, ప్యాకేజీగా కట్టి, ఎవరైనా దింపుకునేలా పెట్టడం పిన్ని బాధ్యత. పైసా రాదు. పగలు బస్సు టికెట్ మిషన్లు బాగుచేసే షాపులో ఉద్యోగం, సాయంత్రం ఇంటికొచ్చాక ఇది.

మా ఇద్దరిదీ ఒకటే గది. కిటికీ కింద పిన్ని బల్ల. దాని మీద బోర్డులు వరసగా ఉంటాయి, మెమరీ కార్డులు మాత్రల డబ్బాలో ఉంటాయి, వైర్లు నా రిబ్బన్లతో కట్టి ఉంటాయి. ఇదేమిటి పిన్నీ అని అడిగితే, "నువ్వు జడేసుకున్నదెప్పుడే?" అని నా మీదే ఎగురుతుంది.

అన్ని రకాల బోర్డులూ పిన్ని దగ్గర లేవు. లేనివి ఎక్కడో ఎవరి దగ్గరో ఉంటాయి. కొత్త ప్యాకేజీ విడుదలయ్యే ముందు వాళ్ళు తమ బోర్డు మీద వేసి చూసి, లేచిందో లేదో రాస్తారు. అలా రాసేవాళ్ళలో ఒకాయన వానాయన. ఆ పేరు పెట్టింది నేనే.

ఆయనతో పరిచయం పిన్ని పొరపాటుతోనే మొదలైంది. ఒకే పేరుతో పాత బోర్డు ఒకటి, కొత్త బోర్డు ఒకటి ఉన్నాయి. పిన్ని కొత్తదాని మెమరీ వివరాలు పాతదానికి పెట్టి ప్యాకేజీ కట్టేసింది. పాత బోర్డులన్నీ ఉలుకూ పలుకూ లేకుండా పడిపోయాయి. వాటి సొంతదారులు పిన్నిని దుమ్మెత్తిపోశారు. ఆయన మాత్రం, "లేవలేదు. ఇక్కడ వాన," అని రాసి ఊరుకున్నాడు.

పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది. బోర్డు వెనక రెండు లోహపు చుక్కల్ని గుండుసూదితో కలిపి పట్టుకుని కరెంటు ఇస్తే మెమరీ కార్డు నుంచి లేస్తుందని, తర్వాత ఏం చేయాలో కూడా ఓపిగ్గా రాసి పంపింది. మర్నాడు జవాబు వచ్చింది. "లేచింది. వాన తగ్గింది."

అప్పటి నుంచి ప్రతి విడుదలకూ అంతే. "లేచింది. ఎండ మండిపోతోంది." "లేచింది. మబ్బు పట్టింది గానీ కురిసేలా లేదు." మా దండెం మీద బట్టలు తడుస్తున్నా తల తిప్పని మనిషి, ఆయనగారి ఊళ్ళో మబ్బు పట్టిందని మాకు చెప్పేది. పాత బోర్డులు వాడేవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకుని చివరికి ఆయనొక్కడే మిగిలాడు. పిన్ని ఏనాడూ ఆయన ఊరి పేరు అడగలేదు. నాకు ఒళ్ళు మండేది.

"అడిగితే నీ సొమ్మేం పోయింది?"

"అడిగితే చెప్పాలి కదే ఆయన. ఇబ్బంది పెట్టినట్టుంటుంది."

ఒక విడుదలకు ఆయన దగ్గర్నుంచి జవాబు రాలేదు. ఆ తర్వాతి దానికీ రాలేదు. పిన్ని విడిగా మెయిల్ రాసింది, దానికీ లేదు. అన్నం ముందు కూర్చుని ఫోన్ చూసుకునేది. అమ్మ, "ఎవరే అతను, చెప్తే మేమూ ఎదురుచూస్తాం కదా," అని ఏడిపిస్తే నవ్వేది గానీ ముద్ద దిగేది కాదు.

ఇలాంటప్పుడు వాళ్ళ జట్టులో ఒక పద్ధతి ఉంది. ఆ బోర్డును ప్యాకేజీలోంచి తీసేస్తారు. వాడేవాళ్ళుంటే నా బోర్డేదని అరుస్తారు, మళ్ళీ చేరుస్తారు. అరవకపోతే ఎవరూ లేరని అర్థం. జట్టు పెద్ద రెండుసార్లు గుర్తుచేశాడు. పిన్ని ఏదో ఒక సాకు చెప్పి దాటేసింది.

"తీసెయ్యి పిన్నీ. ఉన్నాడో లేడో తేలిపోతుంది," అన్నాను.

"తేలడమే వద్దే నాకు," అంది.

ఈసారి కొత్త బూట్‌లోడర్ లావెక్కింది. ఆ పాత బోర్డులో దానికిచ్చిన చోటు ఇరుకు. పిన్ని ఒక ఆదివారమంతా కూర్చుని, ఆ బోర్డుకు అక్కర్లేనివి కత్తిరించి ఎలాగో పట్టించింది. కానీ వేసి చూసేవాళ్ళేరి? చూడకుండా పంపితే, పాపం ఆయన ఎక్కడో ఉండి వేసుకుంటే, మళ్ళీ ఆయన బోర్డే పడిపోతుంది. ఈసారి గుండుసూది పట్టుకునే ఓపిక ఆయనకు ఉందో లేదో.

కాఫీ చల్లారిపోయేదాకా ప్యాకేజీ జాబితాలో ఆ బోర్డు పేరున్న వరస మీదే చూపు పెట్టుకుని కూర్చుంది. తర్వాత వరస తీసేసి, ప్యాకేజీ పంపి, లేచి వెళ్ళి మొహం కడుక్కుంది.

ఆ వారమంతా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. శనివారం పొద్దున నేనింకా ముసుగులో ఉండగానే పిన్ని కేక పెట్టింది. "అరిచాడే! అరిచాడు!"

నేను ఒక్క ఉదుటున లేచాను. నన్ను కూడా లేపింది చివరికి. ఇద్దరం తలలు ఆనించి చదివాం. "నా బోర్డు జాబితాలో కనపడటం లేదు, ఎందుకు తీసేశారు?" అని ఉంది. కానీ ఆ ఉత్తరం కొత్త మనిషిది. ఆ బోర్డు పక్కింటి పెద్దాయనదట. చూపు బాగా తగ్గి, ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ ఇచ్చాడట. ఎక్కడికి వెళ్ళాడో తెలియదట. "ఇది మొరాయిస్తే ఆవిడకు రాయి, ఆవిడ లేపుతుంది అని మీ అడ్రసు ఇచ్చారు," అని రాశాడు.

పిన్ని ఆ చివరి మాటను వేలితో తడుముతూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది, ఆమెకు రాలేదు. కాసేపటికి, ముందే కత్తిరించి ఉంచిన బూట్‌లోడర్‌ను అతనికి పంపి, వేసి చూడమంది.

మధ్యాహ్నానికి జవాబొచ్చింది. "లేచింది."

అంతే. పిన్ని తెరను కిందికి జరిపి చూసింది. కింద ఇంకేమీ లేదు. కీబోర్డు దగ్గరికి లాక్కుని, ఒక్క వాక్యం టైప్ చేసింది.

"అక్కడ వాన పడుతోందా బాబూ?"