గంటకు ముందు మూడు వేళ్లు

కారేపల్లికి అవతల, రోడ్డు పక్కనున్న తండా బడిలో సోమమ్మ పదకొండేళ్లుగా వంట చేస్తోంది. అన్నం వార్చడం, పప్పు పోపు పెట్టడం, కోతుల్ని తరమడంతో పాటు మధ్యాహ్నం గంట కొట్టడమూ ఆమె పనే. అన్నం ఎప్పుడు ఉడుకుతుందో తెలిసిన మనిషే గంట కొట్టాలన్నది ఆ బడి ఆనవాయితీ. గంటంటే చూరుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. సోమమ్మ ఇనుపకడ్డీతో మోదితే స్టేషన్ దాకా వినబడుతుందని పిల్లలు అనేవాళ్లు. ఆ మాటకు ఆమె లోలోపల మురిసిపోయేది.

ఆ మురిపెం లాలి వచ్చేదాకే.

లాలి తుల్సీరాం బిడ్డ. ఏడేళ్లది, మాటలు లేవు. ఖమ్మం దవాఖానాలో ఆటిజం అని కాగితం రాసిచ్చారు. ఆ కాగితంతో ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. పంతుళ్లకు రెండు రోజుల శిక్షణ ఇచ్చి, బిస్కెట్లు పెట్టి, సంతకాలు తీసుకుని పంపారు. అక్కడితో పై వాళ్ల బాధ్యత తీరిపోయింది.

పొద్దుటి నుంచి లాలి చింతగింజలు వరసగా పేర్చుకుంటూ బుద్ధిగానే కూర్చునేది. మధ్యాహ్నం కాగానే ఒక్క కేక పెట్టి, గేటు దాటి, లారీలు తిరిగే రోడ్డు మీదికి పరుగు. పట్టుకున్న చేతినల్లా కొరికేది. ఆకలికి ఆగలేకపోతోందన్నారు కొందరు. గాలి సోకిందన్నారు ఇంకొందరు. తుల్సీరాం తాయెత్తు కట్టించాడు. పిల్ల తాయెత్తుతోనే పరిగెత్తింది.

ఒకనాడు బొగ్గు లారీ పిల్లకు రెండడుగుల దూరంలో ఆగింది. హెడ్మాస్టరు ప్రమీలారాణి మేడం తుల్సీరాంను పిలిపించింది.

"ఇంకొక్కసారి రోడ్డెక్కితే ఇంటి దగ్గరే ఉంచుకో. ఏమన్నా అయితే నేను జవాబు చెప్పలేను."

"ఇంటికాడ ఎవరున్నరు మేడం? మేమిద్దరం మిర్చి ఏరబోతం. లోపల పెట్టి తాళమెయ్యాల్నా?"

మేడం కళ్లు దించుకుంది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఇనుపకడ్డీ కనబడలేదు. మామిడికాయలు రాల్చడానికి పిల్లలెవరో పట్టుకుపోయారు. సోమమ్మ విసుక్కుని, "బువ్వకు రాండ్రి!" అని నోటితోనే పిలిచింది. లాలి పరిగెత్తలేదు. పళ్లెం పట్టుకుని వచ్చి వరసలో కూర్చుంది. సోమమ్మ చేతిలో గంటె ఆగిపోయింది.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ భర్త దగ్గర ఆ సంగతి ఎత్తింది. భర్త ఎల్లస్వామి ఇల్లెందు బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. ఒక చెవి వినికిడి అక్కడే పోగొట్టుకున్నాడు.

"నా గంటేనయ్యా ఆ పిల్లను రోడ్డుకు తరుముతున్నది."

"ఏందీ?"

గట్టిగా మళ్లీ చెప్పింది.

"చెప్పి కొడుతున్నవా, చెప్పకుంట కొడుతున్నవా?"

"గంటకు చెప్పుడేంది? అసలు గంటే మానేస్త."

"గంట మానేస్తవు. లోకంల మోతలన్నీ ఆపుతవా? బాయిల మందు పేల్చే ముందు మూడుసార్లు కేకేస్తరు. అందరం చాటుకు పోయి చెవులు మూసుకుంటం. ఇగ ఎంత మోతైనా భయముండదు. ఒక్కపాలి చెప్పకుంట పేల్చిండ్రు. మీసాలున్న మొగోళ్లం, లాగులు తడుపుకున్నం."

"నువ్వు గూడనా?"

"నేనే అందరికన్న ముందు ఉరికిన."

మర్నాడు అన్నం వార్చి, సోమమ్మ లాలి ముందు కూర్చుంది. ఒక వేలు చూపింది. కాసేపాగి రెండు, ఇంకాసేపటికి మూడు. తన చెవులు మూసుకుని చూపించింది. వెళ్లి, పిల్లలు తెచ్చిచ్చిన కడ్డీతో మెల్లగా కొట్టింది. లాలి లేచి గేటు దాకా పోయి నిలబడింది. నాలుగో రోజుకు కూర్చున్న చోటే చెవులు మూసుకుంది. పదో రోజుకు సోమమ్మ మూడో వేలు ఎత్తకముందే మూసుకునేది.

ఒకనాడు అన్నం ఆలస్యమైంది. రెండో పంతులు రామ్‌చందర్ సారు ఆకలికో తొందరకో తానే వెళ్లి మోదేశాడు. కేక వినబడింది. లాలి గేటు వైపు దూసుకుపోయింది. సారు పట్టుకోబోయాడు.

"పట్టకు సారూ! పట్టుకుంటే ఇంకింత బెదురుతది!"

సోమమ్మ పొయ్యి వదిలి వచ్చి, పప్పు అంటిన చెయ్యి పైకెత్తి మూడు వేళ్లు చూపింది. రోడ్డు మీద లారీ పోతోంది. లాలి గేటు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగింది. నేరుగా సోమమ్మ దగ్గరికి వచ్చి, ఆమె రెండు అరచేతులూ లాక్కుని తన చెవులకు ఆనించుకుంది. పొగ వాసన, తిరగమోత వాసన కలిసిన ఆ చేతుల మధ్య కళ్లు మూసుకుని నిలబడింది.

మేడం వరండాలోంచి అంతా చూసింది.

"రామ్‌చందర్ గారూ, ఇకమీద చెప్పి కొట్టండి" అంది. తుల్సీరాంతో అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ బడిలో గంటకు ముందు పిల్లలందరూ మూడు వేళ్లు ఎత్తుతారు. మొన్న సోమమ్మ తండా ఆడవాళ్లతో ముచ్చట్లలో పడి పొద్దు మరిచింది. ఎవరో కొంగు లాగారు. చూస్తే లాలి, సోమమ్మ ముక్కుకు ఆనేట్టు మూడు వేళ్లు చూపిస్తోంది.

"అవ్ తల్లీ, ఆకలైతున్నదా? కొడుతున్న, కొడుతున్న" అంటూ సోమమ్మ కడ్డీ కోసం లేచింది.