కూర్చున్న మనిషి నిక్కరు

నలభై రెండేళ్ళొచ్చినా వీధిలో అతన్ని వాచీలబ్బాయి అనే పిలుస్తారు. చక్రాల కుర్చీలో కూర్చున్నవాడు ఎన్నటికీ పెద్దవాడు కాడని వాళ్ళ లెక్క కాబోలు. వెంట్రుకంత స్ప్రింగును కూడా అదరకుండా పట్టుకునే ఆ చేతులు, కోపం వస్తే మాత్రం వణుకుతాయి. కోపమేమో రోజూ వస్తుంది.

దానికి కారణం నిక్కరు. ప్యాంటయితే మోకాళ్ళ వెనక ముద్దకట్టి చర్మం ఒరుసుకుపోతుందని అతను నిక్కర్లే వేసుకుంటాడు. కుట్టేది అక్క మొగుడు. వీధిలో చేయి తిరిగిన దర్జీ అని పేరు. ఆ చేయి తిరిగిన పెద్దమనిషి ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదేమిటంటే, బావమరిదిని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు చాపించి కొలతలు తీసుకోవడం. పడుకుంటే ఆ నిక్కరు అతికినట్టు సరిపోతుంది. కుర్చీలో కూర్చోగానే ముందు గుడ్డంతా పొట్ట కింద పోగుపడుతుంది, వెనక నడుము కిందికి జారిపోతుంది. వాచీల కొట్టుకు సరిగ్గా వెనకే టీ కొట్టు బల్ల. అందుకని ఎండాకాలమైనా సరే, నడుము వెనక తువ్వాలు దోపుకుని కూర్చుంటాడు.

"బావా, వెనక ఎత్తు పెంచు. వెనక జేబులొద్దు, ఆ బొత్తాలు ఒత్తుకుని పుండ్లు పడుతున్నాయి" అని ఎన్నిసార్లు మొత్తుకున్నాడో.

"జేబుల్లేకుండా నిక్కరేమిట్రా? చూసేవాళ్ళు నా పనిని ఏమనుకుంటారు?" అనేవాడు బావ.

చూసేవాళ్ళట! కూర్చున్నవాడి వెనక జేబులు ఎవడు చూస్తాడు?

ఒకరోజు తువ్వాలు జారింది. "వాచీలబ్బాయ్, వెనక తలుపు తెరిచుందోయ్" అన్నాడెవడో. బల్లంతా నవ్వింది. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. కొట్టు కట్టేసి, బట్టల షాపుకెళ్ళి ఎర్రగీతల గళ్ళ గుడ్డ రెండు మీటర్లు కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఉండేది అక్కావాళ్ళ ముందుగదిలోనే.

"అక్కా, అటక మీది చేతి మిషను దింపు."

"నీకు కుట్టడం ఎక్కడొచ్చురా?"

"కూర్చోవడం వచ్చు. చాలు."

పాత నిక్కరు కుట్లు విప్పి, ఆ ముక్కల్ని పెట్టి కాస్త పెద్దగా కత్తిరించాడు. వదులుగా టాకాలేసి, తొడుక్కుని కూర్చున్నాడు. ఎర్రగీత నడుము చుట్టూ ఎక్కడ కుంగిందో వెనక నుంచి అక్క గళ్ళు లెక్కపెట్టి చెప్పింది. వెనక ఆరు గళ్ళు పెంచాలి, ముందు నాలుగు తగ్గించాలి. కుడిచేత్తో మిషను చక్రం తిప్పుతూ, ఎడమచేత్తో గుడ్డ నడుపుతూ కుట్టాడు. రెండుసార్లు విప్పాడు. మూడోసారి కత్తెర గోడకేసి కొట్టాడు. అక్క తీసి చేతికిచ్చింది. అయిదు రోజులు పట్టింది.

ఆరోరోజు బావ ఆ నిక్కరును వసారాలో తన బల్ల మీద పరిచి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇదేం ఆకారంరా? వెనకేమో సంచి, ముందు చూస్తే బెత్తెడు. గళ్ళు ఒక్కచోటా కలవలేదు. ఎవరికీ చూపించకు, నా పరువు పోతుంది."

అతను పళ్ళు బిగించి, దాన్ని లాక్కుని గదిలోకి పోయాడు. మంచం మీద అటూ ఇటూ దొర్లి తొడుక్కుని, మళ్ళీ కుర్చీలోకి చేరి బయటికి రావడానికి పావుగంట పట్టింది. వచ్చి బావ ముందు ఆగాడు. తువ్వాలు బల్ల మీదికి విసిరేశాడు.

ఎర్రగీత పొట్ట దగ్గర మొదలై, పక్క కుట్టు దగ్గర వెనక ముక్క గీతను కలుసుకుని, వెనక దాకా ఎక్కడా కుంగకుండా పోయింది. బావ నవ్వు ఆపేశాడు. కళ్ళజోడు పెట్టుకుని కుర్చీ చుట్టూ తిరిగాడు. గీత మీద వేలు పెట్టి నడుము చుట్టూ పోనిచ్చి చూశాడు. తప్పయిందని అంటాడేమోనని అక్క గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. అతనూ ఎదురుచూశాడు.

"బాగానే వచ్చింది. ఇకమీదట నేనే ఇలా కుడతాలే, కొలతలు రాసుకోనీ" అన్నాడు బావ. మెడలోని టేపు తీసి, అలవాటుగా గదిలోని మంచం చూపించాడు. "కాస్త పడుకో."

అతని చేతులు వణకడం మొదలుపెట్టాయి.

"పడుకోను బావా. ఇరవై ఏళ్ళుగా నీ ఎదురుగా కూర్చునే ఉన్నాను. నువ్వే వంగు."