ఆ అంతస్తంతా దగ్గిన రోజు

డెబ్బయ్యో దశకం మొదట్లో ధర్మపురి నుంచి సింగపూర్‌కు చదువుకోవడానికి వెళ్ళి, మా మేనత్త ఫ్లాట్‌లో దిగాను. వారం గడిచినా అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు.

"ఓడ దిగినప్పుడే ఎవురి కండ్లు పడినాయో నీమీద" అని అత్త తేల్చేసి, ఉప్పూ ఎండుమిరపకాయలూ నా చుట్టూ తిప్పి కుంపట్లో వేసింది. దిష్టి తగిలి ఉంటే మిరపకాయలకు ఘాటు రాదని మా వైపు నమ్మకం.

ఘాటు వచ్చింది. మా ఇల్లు దాటి, వరండా వెంట అన్ని ఇళ్ళలోకీ పోయింది. చీనావాళ్ళూ మలయావాళ్ళూ దగ్గుతూ మెట్లమీద పరుగులు తీశారు. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, ఫైరింజన్ గంట కొట్టుకుంటూ వచ్చింది. హెల్మెట్లవాళ్ళు గొట్టం పట్టుకుని లోపలికి వచ్చేసరికి నేను తూర్పుముఖంగా పీటమీద కూర్చుని కన్నీళ్ళు కారుస్తున్నాను. మధ్యలో లేవకూడదని అత్త ఆజ్ఞ.

వాళ్ళలో ఒక తమిళాయన ఏం తగలబడిందని అడిగాడు. అత్త ఆయన్ను పట్టించుకోకుండా నావైపు తిరిగింది.

"ఇంతమంది దగ్గినారంటే నీకు దిష్టీ లేదు, గిష్టీ లేదు. ఉత్త ఊరి బెంగే. లేచి కూడు తిను."

తిన్నాను. మర్నాటి నుంచి ఆ అంతస్తువాళ్ళు నన్ను చూడగానే ముక్కు మూసుకుని నవ్వేవారు. పరాయి దేశంలో నాకు దొరికిన మొదటి పలకరింపు అదే.