తాళం వేసిన గదిలో మోగిన ఫోను

1986 జూన్‌లో నన్ను తిరుమలగిరి దాటినంక వచ్చే ఒక చిన్న ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజికి ఆపరేటరుగా వేసిండ్రు. ఊరి పేరు రాయను. అప్పటికింకా ఆటోమేటిక్ రాలేదు. ఎవరు ఫోనెత్తినా నా ముందున్న బోర్డు మీద వాళ్ల నంబరున్న బిళ్ల పడేది. నేను తీగ గుచ్చి అడిగి, కావలసినోళ్ల లైనులో ఇంకో తీగ గుచ్చాలె. వినే మీట ఒకటుండేది. లైను కలిసిందో లేదో చూసి మూసెయ్యాలన్నది రూలు. మూసినోళ్లను నేను చూడలేదు, నాతో సహా.

ఊర్ల ఎవ్వరూ నంబరు చెప్పేటోళ్లు కాదు. "సులోచనమ్మా, డాక్టరు సాబును ఇయ్యి" అంటే, ఆయన ఇంట్ల లేడు, రైసు మిల్లు కాడున్నడని నాకు తెలుసు, అక్కడికే కలిపేదాన్ని. అందరూ మెచ్చుకునేటోళ్లు. నాకూ గర్వంగనే ఉండేది.

సబిహా అని ఒక పిల్ల ఆ ఊరి ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేది. హైదరాబాద్‌ల నర్సు ట్రైనింగుకు అన్నకు తెలువకుండ దరఖాస్తు పెట్టుకున్నది. సీటు ఖాయమని తెలిస్తే చెప్పకుండనే బస్సెక్కుదామని ఆమె ఆలోచన. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు నాతోని చెప్పింది ఒక్కటే: "అక్కా, నాకు కాలొస్తే స్కూలుకే ఇయ్యి."

ఆగస్టుల ఒకనాడు పొద్దున హైదరాబాద్ దవాఖాన నుంచి, నర్సు ట్రైనింగు గురించని, సబిహా పేరు మీద పీపీ కాలు వచ్చింది. అంటే పేరు చెప్పిన మనిషి దొరికితేనే మాట్లాడే ట్రంకు కాలు. దొరక్కపోతే "పార్టీ లేరు" అని చెప్పాలె, వాళ్లు మళ్ల బుక్ చేసుకుంటరు. స్కూలుకు గంట కొట్టిన. హెడ్‌మాస్టరు మీటింగుకు పోయి గదికి తాళమేసిండు. ఎవ్వరూ ఎత్తలేదు.

ఏం బుద్ధి పుట్టిందో! అయ్యో, అంత దూరం నుంచి వచ్చిన కాలు వట్టిగ పోతాందని, వాళ్లన్న మహమూద్ బట్టల దుకాణానికి కలిపిన. "భాయ్, సబిహాకు నర్సు ట్రైనింగు కాలు, జర పిలువుండ్రి" అని నా నోటితోనే చెప్పిన.

ఆయన పిలువలేదు. చెల్లెకు ఇష్టం లేదు, సీటు ఇంకెవరికన్న ఇచ్చుకొమ్మని మర్యాదగ చెప్పిండు. అవతలామె సరేనన్నది. మీట తెరిచే ఉన్నది, అంతా విన్న. పార్టీలు మాట్లాడుతుంటె ఆపరేటరు నోరు తెరవొద్దని రూలు. నిమిషం కింద ఒక రూలు తప్పినదాన్ని, ఈ రూలును మాత్రం పాటించిన.

సాయంత్రం సబిహా ఎక్స్ఛేంజికి వచ్చింది. ఏడ్వలేదు. "గంట మోగుతుంటె నేను తలుపు కాడ్నే ఉన్న అక్కా. ఎవ్వరు ఎత్తలేదని చెప్తె అయిపోతుండె. రేపు మళ్ల చేద్దురు. నా ఫోను యాడికి రావాలో చెప్పిన గద, నువ్వెందుకు మార్చినవ్?"

నీ మంచికే అనబోయిన, బోర్డు మీద బిళ్ల పడితే అటు తిరిగిన. నెల తిరగకముందే ఆమెను బడి మాన్పించి షాద్‌నగర్‌ల పెండ్లి చేసి పంపిండ్రు. మళ్ల కనిపించలేదు.

1993ల మాకు ఆటోమేటిక్ వచ్చింది. తీగల బోర్డు పీకేస్తుంటె ఊరంత సంబురం, ఇగ మన మాటలు ఎవ్వరూ వినరని. కానీ ఎవరు ఏ నంబరుకు ఎప్పుడు చేసిండ్రో ఆ మిషిను కాయితం మీద అచ్చు కొట్టేది. ఒక తండ్రి వచ్చి, కాలేజీకి పోయే బిడ్డ ఎవరికి చేస్తాందో చూడాలన్నడు. నేను వద్దన్న. "మనోడే గదమ్మా, పాపం" అని పైఆఫీసరు నవ్వుకుంట కాయితం చింపి ఇచ్చిండు. ఏడేండ్ల కింద నేను ఉన్నట్టే ఉన్నడు, మంచి మనిషి. ఆ తర్వాత అడగొచ్చినోళ్లను ఆపుడు నాతోని కాలేదు.

రిటైరయ్యేదాక చేతికింద నేర్చుకునేటోళ్లకు ఒక్కటే చెప్పిన: ఫోను ఎవరికి వచ్చిందో, యాడ ఎత్తాలో చెప్పేది వాళ్లే. మేలు చెయ్యమని మనల్ని ఎవ్వరూ అడగలేదు. వాళ్లు తలూపి, అడగొచ్చినోళ్లకు కాయితం చింపి ఇచ్చేటోళ్లు.

ఆనాడు నేను చెప్పాల్సింది రెండే మాటలు, పార్టీ లేరని. చెప్పలేదు.